టేబుల్ తుప్పు గీకే ముందు

వానలు మొదలయ్యేలోపు వడ్రంగి పనిలో వాడే రంపం మెషిన్, ప్లేనర్‌ల (చెక్కను చదును చేసే మెషిన్‌ల) కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) టేబుళ్లు శుభ్రం చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి.

- గ్రైండర్ జోలికి అస్సలు పోవద్దు. ఒకేచోట కాస్త ఆగినా గుంట పడుతుంది. ఆ చదును మళ్లీ రావాలంటే టేబుల్ మొత్తం మెషిన్ మీద చెక్కించాల్సిందే. పదునైన బ్లేడును వాల్చి గీకండి. తర్వాత సన్నరకం ఎమరీ పేపర్‌ని చదునైన చెక్కకు చుట్టి, నూనెతో రుద్దండి.

- నల్ల మచ్చ మిగిలినా వేలికి గరుకు తగలకపోతే వదిలేయండి. మచ్చ కోసం ఇనుము అరగదీయడం నష్టమే.

- వెనిగర్ వాడితే బేరింగుల్లోకి కారనివ్వకండి. కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టండి, తడి ఇనుము చూస్తుండగానే ఎర్రబడుతుంది.

- స్టీల్ ఊల్ (సన్నని ఉక్కు పీచు) వాడేటప్పుడు మోటారు కప్పేయండి, పీచు లోపలికి పోతే షార్ట్ అవుతుంది.

- చివర్లో సిలికాన్ లేని మైనమే పూయండి. సిలికాన్ చెక్కకు అంటితే పాలిష్ సరిగ్గా పట్టదు.