తుంగ, పొదమొక్కలు కొనే ముందు

నర్సరీకి బయలుదేరే ముందు పెరడు ఒకసారి చుట్టి రండి.

• నీరు నిలిచే చోటు ఉందా? గొడుగు తుంగకు (గొడుగులా ఆకులు పరిచే అలంకార మొక్క) తడి నేల, కొలను అంచు కావాలి. ఎండిపోయే మూలలో పెడితే ఆకుల కొనలు మాడతాయి. నేరుగా నేలలో నాటితే పాకి పక్క మొక్కలను కమ్మేస్తుంది, కుండీయే మేలు.

• కొనే మొక్క మట్టిని కెలికి చూడండి. కలుపు తుంగ గడ్డ ఒక్కటి వచ్చినా చాలు, ఇక పెరడు దానిదే. సేద్యం తెలిసినవారికి ఇది చెప్పనక్కరలేదు.

• సున్నపు నేలలో నూరు వరహాల పూల పొద వద్దు. ఇనుము అందక లేతాకులు పసుపుబారతాయి. నందివర్ధనం అంత పేచీ పెట్టదు.

• పిల్లలు, పశువులు తిరిగే చోట గన్నేరు నాటకండి. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. కత్తిరించిన కొమ్మలను కాల్చకూడదు, పొగ కూడా హానికరం.

• ఎదిగాక పొద వెడల్పెంతో అడగండి.