ఒక్క ఉత్తరమూ పోకుండా డొమైన్ మెయిల్ మార్చడం

హిమాయత్‌నగర్‌లో సీఏ ఆఫీసైనా, కూకట్‌పల్లిలో క్లినిక్ అయినా, సొంత డొమైన్ (సంస్థ పేరుతో ఉండే వెబ్ చిరునామా) మీద మెయిల్ నడిపేవాళ్లకు ప్రొవైడర్‌ని మార్చాలంటే ఒకటే భయం: మారే రోజున వచ్చే ఉత్తరాలు ఏమైపోతాయి? సర్వర్ కాసేపు అందకపోయినంత మాత్రాన మెయిల్ పోదు. పంపిన సర్వర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, చాలావరకు నాలుగైదు రోజుల దాకా వదలదు. అసలు పోయేది ఎప్పుడంటే, కొత్త సర్వర్ చక్కగా పనిచేస్తూనే 'ఈ చిరునామా ఇక్కడ లేదు' అని 550 కోడ్ ఇచ్చినప్పుడు. అప్పుడు ఉత్తరం తిరుగుటపాలో వెనక్కి పోతుంది, రెండో ప్రయత్నం ఉండదు. అందుకే ఇందులో సగం పని డీఎన్ఎస్ (డొమైన్ పేరు ఏ సర్వర్లకు చేరాలో చెప్పే రికార్డుల పట్టిక) జోలికి వెళ్లకముందే అయిపోవాలి.

ముందు తాళాలన్నీ మీ చేతిలో ఉన్నాయో లేదో చూసుకోండి. డొమైన్ కొన్నది ఒకచోట, డీఎన్ఎస్ మరోచోట, మెయిల్ ఇంకోచోట ఉండొచ్చు. సైటు చేసిపెట్టిన అమీర్‌పేట డిజైనర్ దగ్గరే రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) లాగిన్ ఉండిపోయి ఉంటే, మిగతా పనులకన్నా ముందు అది తీసుకోండి. రిజిస్ట్రార్ ఖాతాకు ఇచ్చిన మెయిల్ ఇదే డొమైన్‌ది అయితే బయటి చిరునామా ఒకటి పెట్టండి. లేకపోతే మెయిల్ ఆగిన రోజున పాస్‌వర్డ్ మార్చుకునే లింకు కూడా మీకు అందదు. మెయిల్ మార్చడానికి డొమైన్‌ని ట్రాన్స్‌ఫర్ చేయనక్కర్లేదు, నేమ్‌సర్వర్లూ (డీఎన్ఎస్ రికార్డులు ఉండే సర్వర్లు) మార్చనక్కర్లేదు. ఉన్న రికార్డులు కొత్తచోట రాసుకోకుండా నేమ్‌సర్వర్లు మారిస్తే వెబ్‌సైటు కూడా పడిపోతుంది.

తర్వాత చిరునామాల జాబితా. మెయిల్‌బాక్సులు అందరికీ గుర్తుంటాయి. మరచిపోయేవి అలియాస్‌లు (ఒకే పెట్టెకు ఉన్న మారుపేర్లు), ఫార్వర్డర్లు (వచ్చినదాన్ని మరో చిరునామాకు పంపేవి), క్యాచ్‌ఆల్ (లేని చిరునామాలకు వచ్చినవన్నీ పట్టే పెట్టె). ఏడాది మెయిల్‌లో 'టు' గడిలో కనిపించిన చిరునామాలన్నీ ఏరండి. జీఎస్టీ పోర్టల్‌లో, బ్యాంకులో, ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో ఏది ఇచ్చారో చూడండి, ఓటీపీలు అక్కడికే వస్తాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఆఫీసు స్కానర్, సైటులోని కాంటాక్ట్ ఫారం దేని ద్వారా మెయిల్ పంపుతున్నాయో రాసుకోండి. ఇవన్నీ కొత్త ప్రొవైడర్ దగ్గర సృష్టించాకే ముందుకు వెళ్లాలి.

మార్పుకు రెండు రోజుల ముందు ఎంఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పేది) టీటీఎల్‌ని, అంటే మిగతా సర్వర్లు దాన్ని గుర్తుపెట్టుకునే సమయాన్ని, 300 సెకన్లకు తగ్గించండి. పాత విలువ 86400 అయి ఉంటే, అంటే ఒక రోజు, ఆ రోజు గడిచేదాకా ఈ తగ్గింపు అందరికీ చేరదు. మార్చే క్షణంలో తగ్గిస్తే ప్రయోజనం లేదు.

ఈలోగా పాత మెయిల్ కాపీ మొదలుపెట్టండి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద అవుట్‌లుక్‌లో ఫోల్డర్లు లాగి వేయడం వద్దు, మధ్యలో తెగితే ఏది వచ్చిందో ఏది రాలేదో తేలదు. కొత్త ప్రొవైడర్ ఇచ్చే మైగ్రేషన్ సాధనం గానీ, ఐమ్యాప్‌సింక్ అనే ప్రోగ్రాం గానీ వాడండి. ఇవి ఐమ్యాప్ (మెయిల్‌ని సర్వర్‌లోనే ఉంచి చదివే పద్ధతి) ద్వారా, 993 పోర్టు మీద, ఒక సర్వర్‌లోంచి తీసి మరోదానిలో పెడతాయి. జీమెయిల్ నుంచి తీస్తుంటే ఐమ్యాప్ డౌన్‌లోడ్ పరిమితి రోజుకు 2500 ఎంబీ, కాబట్టి పెద్ద ఖాతాకు రోజులు పడుతుంది. అక్కడి 'ఆల్ మెయిల్' ఫోల్డర్‌ని వదిలేయకపోతే ఒక్కో ఉత్తరం రెండేసి సార్లు రావచ్చు. కాంటాక్టులు, క్యాలెండర్, ఫిల్టర్లు ఐమ్యాప్‌లో రావు, విడిగా ఎగుమతి చేసుకోవాలి. పాప్ పద్ధతిలో (మెయిల్‌ని కంప్యూటర్‌లోకి దించుకునేది) వాడినవాళ్ల ఉత్తరాలు ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రమే ఉండొచ్చు. ఆ ఫైలు కాపీ చేయకుండా ఖాతా తీసేయకండి.

రోజు ఎంచుకునేటప్పుడు నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లు 11, 20 తేదీల దగ్గరకు పోవద్దు. శనివారం రాత్రి మంచిది.

ఇక మార్పు. పాత ఎంఎక్స్ రికార్డులన్నీ తీసేసి కొత్తవి పెట్టండి. 'అండగా ఉంటుందిలే' అని పాతది ఉంచితే కొంత మెయిల్ అక్కడికే పోతుంది. ఎస్‌పీఎఫ్ రికార్డు (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పేది) డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. కొత్తది రెండోదిగా చేరిస్తే రెండూ చెల్లవు. పాతదానిలోనే కలపండి, దాన్ని సరిచూడటానికి అవసరమయ్యే డీఎన్ఎస్ వెతుకులాటలు పది దాటకూడదు. కొత్త ప్రొవైడర్ ఇచ్చే డీకిమ్ కీ (ఉత్తరం మీది డిజిటల్ సంతకాన్ని సరిచూసేది) యథాతథంగా పెట్టండి. కొన్ని ప్యానెళ్లు పేరు చివర డొమైన్‌ని వాటంతటవే తగిలిస్తాయి, మీరూ పూర్తి పేరు రాస్తే డొమైన్ రెండుసార్లు పడి రికార్డు కనపడకుండా పోతుంది. డీకిమ్ 'ఫెయిల్' అంటే మొదట చూడాల్సింది ఇదే. డీమార్క్‌ని (ఆ రెండు పరీక్షలూ తప్పిన ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పే రికార్డు) మొదట 'నన్' (ఏమీ చేయొద్దు) విధానంతో పెట్టి, రెండు మూడు వారాల నివేదికలు చూశాక 'క్వారంటైన్'కు (స్పామ్‌లో వేయమనడం) పెంచండి.

చాలామంది తట్టుకుని పడేది సీప్యానెల్ (హోస్టింగ్ నడిపే కంట్రోల్ ప్యానెల్) దగ్గర. సైటు పాత హోస్టింగ్‌లోనే ఉంటే, అక్కడి 'ఈమెయిల్ రూటింగ్' లోకల్‌గా మిగిలిపోతుంది. అప్పుడు సైటు ఫారం నుంచి వచ్చే ఎంక్వైరీలు ఎంఎక్స్‌ని చూడకుండానే పాత మెయిల్‌బాక్సులో చేరతాయి. బయటి మెయిల్ అంతా బాగానే వస్తుంటుంది కనుక వారాల దాకా ఎవరికీ అనుమానం రాదు. దాన్ని 'రిమోట్'కు మార్చండి.

పరీక్షకు జీమెయిల్ నుంచి ఒకటి, అవుట్‌లుక్ నుంచి ఒకటి పంపి, రెండింటికీ జవాబివ్వండి. జీమెయిల్‌లో 'షో ఒరిజినల్' తెరిస్తే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటికీ 'పాస్' ఉండాలి. జాబితాలోని ప్రతి అలియాస్‌కూ ఒక ఉత్తరం పంపండి, ఒక్కటీ వదలొద్దు. ఫోన్లలో పాత ఖాతా సెట్టింగులు మార్చి కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి.

రెండు రోజుల తర్వాత కాపీ మరోసారి నడిపితే ఆ మధ్య పాత పెట్టెలో పడ్డవి కూడా వచ్చేస్తాయి. టీటీఎల్‌ని 3600కు పెంచండి. పాత ఖాతాను ఒక నెల డబ్బు కట్టయినా ఉంచి, వారానికోసారి తెరిచి చూడండి. కొత్త ఉత్తరం ఏదైనా కనిపిస్తే పంపినవారెవరో చూడండి: అదే హోస్టింగ్ వాడుతున్న మరో కస్టమర్ అయితే, మీ డొమైన్‌ని ఆ కంపెనీ తన మెయిల్ సర్వర్ నుంచి ఇంకా తొలగించలేదని అర్థం. తొలగించమని టికెట్ పెట్టండి, సైటు ఫారం వంటివేవీ పాత ప్రొవైడర్ ద్వారా మెయిల్ పంపకపోతే, ఎస్‌పీఎఫ్‌లోంచి ఆ పేరు కూడా అప్పుడే తీసేయండి.