సమ్మర్ క్యాంపుకు ముందు: ప్రొటీన్ డబ్బా, ఫ్యాట్ మెషిన్, ఎదిగే పిల్లలు

పరీక్షలు అయిపోగానే బెంగళూరులో సమ్మర్ క్యాంపులు మొదలవుతాయి. కంఠీరవ స్టేడియం ట్రాక్ మీదికి, ఈతకొలనులకు, షటిల్ కోర్టులకు పిల్లలు తెల్లారేసరికి చేరతారు. రెండో వారానికల్లా "అమ్మా, అందరూ ప్రొటీన్ తాగుతున్నారు, నాకూ కొనవా" అని ఇంట్లో అడగడం మొదలెడతారు.

కొనే ముందు ఒక లెక్క వేయండి. గట్టిగా ప్రాక్టీసు చేసే 50 కిలోల పిల్లవాడికి కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల చొప్పున రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. రెండు గుడ్లలో 12 గ్రాములు ఉంటుంది, అర లీటరు పాలలో 16, వండిన చికెన్ 100 గ్రాముల్లో 27, గుప్పెడు పల్లీల్లో 7, 50 గ్రాముల కందిపప్పులో 11. ఇక్కడికే 73 అయింది. అన్నం, ఇడ్లీ, పెరుగు ఇంకా కలపలేదు. శాకాహారులైతే చికెన్ బదులు 100 గ్రాముల పనీర్, 15 గ్రాముల మీల్‌మేకర్ వేసుకోండి.

చాలా ఇళ్లలో అసలు లోటు ప్రొటీన్‌ది కాదు, మొత్తం తిండిది. పిల్లలు ఖాళీ కడుపుతో వెళ్లి, ఎనిమిదిన్నరకు వచ్చి, నీరసంగా పడుకుంటారు. అలా ఉన్నప్పుడు ఎంత ప్రొటీన్ పోసినా ఒళ్లు దాన్ని కట్టెల్లా కాల్చేసుకుంటుంది, కండకు మిగలదు. వెళ్లేముందు ఒక అరటిపండు పెట్టండి. వచ్చిన గంటలోపు నాలుగు ఇడ్లీలు, గుడ్డు, గ్లాసుడు పాలు ఇవ్వండి.

డాక్టరో డైటీషియనో చూసి పౌడరు అవసరమన్నారనుకుందాం. అప్పుడు డబ్బా తిప్పి వెనకవైపు చదవండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉండాలి, సీలు చెక్కుచెదరకుండా ఉండాలి. "ప్రొప్రైటరీ బ్లెండ్" అని రాసి ఒక్కో పదార్థం ఎంతుందో చెప్పకపోతే అది వద్దు. బరువు పెంచుతుందని అమ్మే మాస్ గెయినర్‌ పౌడరులో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థమే. జిమ్‌లో కవర్లో కట్టి ఇచ్చే విడి పౌడరు ఎట్టి పరిస్థితిలోనూ తీసుకోవద్దు.

వ్యాయామానికి ముందు హుషారు కోసం తాగే ప్రీవర్కౌట్ పౌడరు పిల్లలకు అసలు వద్దు. ఒక్క స్కూపులోనే 150 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండొచ్చు. ఈ వయసులో రోజుకు 100 దాటకూడదు. ఎండలో పరిగెత్తేటప్పుడు గుండె దడ, నిద్రలేమి కలిస్తే క్యాంపు మొత్తం పాడవుతుంది. కండబలం కోసం వాడే క్రియాటిన్ పౌడరు నిషిద్ధం కాకపోయినా, 18 ఏళ్లలోపు వారికి వద్దనే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. అది వాడిన మొదటి వారంలో పెరిగే కిలో, రెండు కిలోలు చాలావరకు నీరే. క్యాంపులో కొవ్వు శాతం కొలిచే మెషిన్ దాన్ని కండగా చూపిస్తుంది, పిల్లలు మురిసిపోతారు.

ఆ మెషిన్ సంగతీ చూద్దాం. కాళ్లకింద సన్నటి కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా పారిందో చూసి కొవ్వు శాతాన్ని అంచనా కడుతుంది. నీరు కరెంటును పారనిస్తుంది, కొవ్వు అడ్డుకుంటుంది. ఒంట్లో నీళ్లు తగ్గినరోజు కొవ్వు ఎక్కువున్నట్టు చూపిస్తుంది. పెద్దవాళ్ల సూత్రాలు పిల్లలకు సరిపోవు కూడా. కొలవాలంటే పొద్దున్నే, పరగడుపున, అదే మెషిన్ మీద, మూడు నెలలకోసారి కొలవండి, పక్కనే ఎత్తు కూడా రాయండి. అంకెను పదిమందిలో చదవొద్దని కోచ్‌కు ముందే చెప్పండి. 12, 13 ఏళ్ల అమ్మాయికి తుంటి దగ్గర కొవ్వు చేరడం ఎదుగుదలే, దాన్ని తగ్గించమనడం తప్పు.

మూడు నెలలు నెలసరి రాకపోయినా, మోకాలి కింద ముందరి ఎముకలో ఒకేచోట నొప్పి వదలకపోయినా, ఎత్తు ఆగిపోయినట్టు అనిపించినా క్యాంపు ఆపి స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టరుకు చూపించండి. తిండి చాలక ఒళ్లు ఒక్కో పనీ మూసేసుకునే ఈ స్థితికి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పేరు పెట్టింది, ఇప్పుడు "రెడ్స్" అంటున్నారు. అబ్బాయిలకూ వస్తుంది.

బాక్సింగ్, కుస్తీ, జూడో పిల్లల విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. తూకం కోసం నీళ్లు మానడం, ప్లాస్టిక్ సూటులో పరిగెత్తడం ప్రాణాంతకం. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ మల్లయోధులు ఇలాగే చనిపోయారు. మూత్రం పోయించే ఫ్యూరోసెమైడ్ మాత్ర పొటాషియం తగ్గించి గుండె లయ చెడగొడుతుంది, పైగా ఆటగాళ్లు వాడకూడని మందుల (డోపింగ్) జాబితాలో అది ఎప్పుడూ నిషిద్ధమే. బరువు సరిపోకపోతే పై కేటగిరీలో ఆడించండి.

డోపింగ్ పరీక్షలో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదే, "పౌడరులో కలిసిందని తెలియదు" అన్నంత మాత్రాన వదిలేయరు. పరీక్ష ఫారంలో గత 7 రోజుల్లో వాడినవన్నీ రాయాలి. దగ్గు మందుతో సహా ప్రతిదాని పేరు, తేదీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. డబ్బా అయిపోయినా బిల్లు, బ్యాచ్ నంబరు ఫొటో, అడుగున కాస్త పౌడరు సీజను ముగిసేదాకా దాచండి.