వేసవి చెరువు గట్టున పక్షుల ఫొటోలు తీయడం ఎలా

మార్చి ముగిసేసరికి వలస బాతులు చాలావరకు ఉత్తర దిక్కుగా మళ్లిపోతాయి, వాటితో పాటే కెమెరాలూ బీరువాల్లోకి చేరుకుంటాయి. హైదరాబాద్ శివారులో, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ పెద్దచెరువు వంటి చోట్లకు కూడా ఏప్రిల్, మే నెలల్లో వెళ్లడం దండగని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది తొందరపాటు. స్థానిక పక్షులు జత కట్టే రంగులకు మారేది ఇప్పుడే: గుడ్డికొంగ వీపు ముదురు ఎరుపుకు తిరుగుతుంది, పశువుల వెంట తిరిగే తెల్లకొంగ తల నారింజ రంగు పూసుకుంటుంది, మునుగుడుకోడి మెడ ఎర్రబారుతుంది. పైగా నీరు తగ్గిన కొద్దీ చేపలు మడుగుల్లో చిక్కుకుంటాయి కనుక కొంగలన్నీ ఒకేచోట గుమిగూడతాయి.

సూర్యోదయానికి అరగంట ముందే గట్టుకు చేరుకోవాలి. ఎనిమిది దాటితే నేల నుంచి లేచే వేడిగాలి వల్ల దూరపు పక్షి ఎంత ఖరీదైన లెన్సులోనైనా మసకగానే కనిపిస్తుంది. దానికి కెమెరాలో విరుగుడు లేదు, పక్షికి దగ్గరగా ఉండటమొక్కటే మార్గం. అందుకని పక్షి వెంట పడకుండా, అది మేతకు వచ్చే మడుగు పక్కన ముందుగానే కూర్చుని, లెన్సును నీటిమట్టానికి వీలైనంత దగ్గరగా దించాలి. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా పైకి లేస్తాయి కాబట్టి సూర్యుడూ గాలీ రెండూ మన వీపు వైపు ఉన్నచోటు దొరికితే, ఎగిరే కొంగ ముఖం వెలుగులో మనవైపుకే వస్తుంది.

ఎగిరే పక్షికి షట్టర్ వేగం 1/2000 సెకను, నిలబడి ఉన్నదానికి 1/800 సెకను సరిపోతాయి. తెల్లకొంగ దగ్గరే చాలామంది పొరబడతారు: ముదురు నీటి నేపథ్యం చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, ఈకల గీతలన్నీ తెల్లగా చెరిగిపోతాయి. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు అందే వెలుగును, 2/3 నుంచి 1 స్టాప్ వరకు (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది) తగ్గించి, వెలుగునీడల పంపకాన్ని చూపే గ్రాఫ్ అయిన హిస్టోగ్రామ్ కుడి అంచును తాకకుండా చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం గూళ్ల విషయం. తీతువు గులకరాళ్ల మధ్య బట్టబయలులోనే, మట్టిరంగు మచ్చల గుడ్లు పెడుతుంది. ఎండ ముదిరితే అది నీటిలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనం దగ్గర నిలబడినంత సేపూ అది అరుస్తూ నెత్తి మీద తిరుగుతుందే తప్ప గుడ్ల మీద వాలదు, ఈలోగా అవి ఎండకు మాడిపోతాయి. కనుక అరుపు మొదలవగానే వచ్చిన దారినే, అడుగు చూసుకుంటూ వెనక్కి రావాలి. అనుకోకుండా గూడు ఫొటో దొరికినా ఆ చోటి ఆనవాళ్లు ఎవరికీ పంపకూడదు. పంపితే మర్నాటికి అక్కడ మరో నాలుగు కెమెరాలు చేరతాయి.