కొత్త క్రూయిజర్‌కి పాత రూపం – 3వ పాఠం: ట్యాంకు మీద చేతి గీత

మొదటి పాఠంలో బండికి ఏ కాలం రూపం ఇవ్వాలో తేల్చుకున్నాం. రెండోదాంట్లో అక్కర్లేనివి విప్పి పక్కన పెట్టాం. మన బండి 2020లో వచ్చిన క్రూయిజర్ బైకు, రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350. మనకు కావలసిన పోలిక, ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్ నుంచి భాగాలు తెప్పించి 1955లో మద్రాసులో బిగించడం మొదలుపెట్టిన బుల్లెట్. మీటియర్‌లో ఫైర్‌బాల్ రకం ఉన్నవాళ్లు రిమ్ముల మీది రంగు టేపుని ఈపాటికి హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి పీకేసి ఉంటారు. లేకపోతే ముందు ఆ పని చూడండి.

పాత రూపం అనగానే చాలామంది చెయ్యి సైలెన్సర్ మీదికే పోతుంది. దాని జోలికి పోవద్దు. డబ్బు దండగ, చలానా అదనం. పైగా పాత బుల్లెట్‌ని పాతగా చూపించేది ట్యాంకు. నల్లటి ట్యాంకు అంచు వెంబడి సాగే బంగారు రంగు గీత ఒక్కటి చాలు, బండికి వయసు వచ్చేస్తుంది. చెన్నైలో బుల్లెట్ ట్యాంకుల మీద ఈ గీతల్ని ఇప్పటికీ చేత్తోనే గీస్తారు. స్టిక్కర్ గీత మొదలు నుంచి చివరి దాకా ఒకే మందంలో ఉంటుంది కాబట్టి పది అడుగుల దూరం నుంచే దొరికిపోతుంది. చేతి గీత వంపు దగ్గర వెంట్రుకవాసి లావెక్కి, చివర్లో సన్నబడుతుంది. ఆ తేడా కోసమే ఈ కష్టమంతా.

ముందు సామాను. దీనికి వాడే బ్రష్ వెంట్రుకలు రెండంగుళాల దాకా పొడుగుండి, కత్తి మొనలా ఏటవాలుగా ఉంటాయి. ‘స్వోర్డ్ స్ట్రైపర్’ అని అడిగితే ఇస్తారు. ఉడుత వెంట్రుకలదైతే మేలు, సింథటిక్‌ది అయినా నేర్చుకోవడానికి ఫర్వాలేదు. ముంగిస వెంట్రుకల బ్రష్ అని ఎవరైనా చూపిస్తే కొనకండి, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం. రంగు విషయానికొస్తే, బోర్డులు రాసేవాళ్లు వాడే ఎనామెల్ తీసుకోండి. పీయూ (పాలీయురెతేన్) రంగు గట్టిదే కానీ త్వరగా ఆరిపోతుంది, కొత్త చేతికి దిద్దుకునే వ్యవధి ఇవ్వదు. ఎనామెల్ గీత వంకరపోతే టర్పెంటైన్ తడిపిన గుడ్డతో వెంటనే తుడిచేయొచ్చు. కింద కంపెనీ వాళ్లు రంగు మీద వేసిన పారదర్శక పొరకి, అంటే క్లియర్ కోటుకి, ఏమీ కాదు.

ఇక చెయ్యి. పాత కిటికీ అద్దం ముక్క ఒకటి టేబుల్ మీద పెట్టుకోండి. నున్నటి మ్యాగజైన్ కాగితం మీద కాస్త రంగు, రెండు చుక్కల టర్పెంటైన్ వేసి, బ్రష్‌ని రెండు వైపులా అటూ ఇటూ ఈడ్వండి. రంగు వెంట్రుకల మొదలు దాకా ఎక్కాలి, మొన దగ్గర బొట్టు వేలాడకూడదు. బ్రష్ లాగుతుంటే కాస్త పట్టినట్టు అనిపించాలి. జారిపోతుంటే పలచనైంది, గీత మధ్యలో చీలుతుంటే చిక్కబడింది.

బ్రష్‌ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని, చిటికెనవేలు అద్దానికి ఆనించండి. వెంట్రుకల్ని దాదాపు పడుకోబెట్టి మీ వైపుకి లాగండి, ఎప్పుడూ తోయకండి. కదలాల్సింది భుజం, మణికట్టు కాదు. చూపు బ్రష్ మొన మీద ఉంటే గీత వణుకుతుంది. ముగ్గు వేసే ఆడవాళ్లని గమనించండి, పిండి రాలుతున్న చోటుని కాదు, తర్వాతి చుక్కని చూస్తారు. ఇక్కడా అంతే. వంపు వచ్చినప్పుడు బ్రష్ కాడని వేళ్ల మధ్య మెల్లగా తిప్పాలి. రంగు అయిపోతోందనిపిస్తే బ్రష్‌ని ఠక్కున ఎత్తకుండా సన్నగా తేల్చి వదలండి. మళ్లీ రంగు తీసుకుని, ఆ తోక మీద నుంచే మొదలుపెడితే అతుకు కనబడదు.

విజయవాడ ఆటోనగర్ వైపు వెళ్లే పని పడితే, లారీ బాడీల మీద అంచులు గీసే పెయింటర్ పక్కన ఓ గంట నిలబడండి. వీడియోల్లో కనబడని ఒక సంగతి అక్కడ తెలుస్తుంది: ఆయన గీత మధ్యలో ఎక్కడా ఆగడు. వేగం తగ్గించిన చోటే చెయ్యి వణుకుతుంది.

ట్యాంకు మీదికి వచ్చేముందు కొలత. ట్యాంకుని బండి మీదే ఉంచి గీయొచ్చు. విప్పాలనుకుంటే మెకానిక్ చేత విప్పించండి, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి కాబట్టి పెట్రోలు పైపులో ప్రెషర్ ఉంటుంది. ట్యాంకుని షాంపూతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మైనం పాలిష్ ఏమాత్రం మిగిలినా రంగు ముడుచుకుపోతుంది. ఒక పక్క న్యూస్‌పేపర్ పరిచి, గీత పోయే దారి దాని మీద గీసి కత్తిరించండి. అదే కాగితం తిరగేస్తే రెండో పక్కకి సరిపోతుంది. అంచుల వెంట గ్లాస్ మార్కింగ్ పెన్సిల్‌తో లీలగా గుర్తు పెట్టుకోండి. లావు గీత 3 మి.మీ., దాని లోపల కొంచెం ఎడంగా 1 మి.మీ. సన్న గీత. మూడోది వద్దు, సర్కస్ బండి అవుతుంది. పెట్రోలు మూత చుట్టూ కూడా గీయకండి, ఎనామెల్‌కి పెట్రోలు పడదు.

పొద్దున్నే, ఫ్యాను ఆపి, నీడలో గీయండి. వాన ముసురు రోజుల్లో వద్దే వద్దు. గీత మీద క్లియర్ కోటు వేయించాలనుకుంటే ఆ సంగతి పెయింటర్‌కి ముందే చెప్పి, ఏదైనా పాత రేకు మీద అదే రంగు, అదే క్లియర్ వేయించి చూడండి. తొందరపడితే ఎనామెల్ ముడతలు పడుతుంది. ట్యాంకు అసలు రంగే మార్పించేవాళ్లు మాత్రం ఆర్సీలో ఆ మార్పు ఎక్కించుకోవాలి.

ఈ వారం అభ్యాసం: అద్దం మీద అడుగు పొడవు గీతలు, పక్కపక్కనే, రోజూ అద్దం నిండేదాకా. నిండగానే తుడిచి మళ్లీ మొదలుపెట్టండి. రెండు గీతల మధ్య ఎడం చివరి దాకా ఒకేలా వచ్చిన రోజు, పాత హెల్మెట్ మీద వంపులకి వెళ్లండి. అక్కడ చెయ్యి కుదిరాకే ట్యాంకు.

వచ్చే పాఠంలో చక్రాలు: అల్లాయ్ తీసేసి స్పోకులు వేస్తే ట్యూబ్‌లెస్ సుఖం ఎందుకు పోతుంది, 2023లో వచ్చిన మీటియర్ అరోరా రకం చక్రాలు మన పనికి ఎంతవరకు వస్తాయి.