ఫోర్ వీల్ డ్రైవ్ రిపేరు నేర్చుకుందాం – 3: గేర్ బాక్స్‌కీ ట్రాన్స్‌ఫర్ కేసుకీ మధ్య ఆయిల్ కారుతుంటే

కిందటి పాఠంలో నేల మీద పడ్డ చుక్కను బట్టి అది ఏ ఆయిలో గుర్తుపట్టడం చూశాం. ఎర్రగా పల్చగా ఉంటే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్). తేనె రంగులో చిక్కగా ఉండి గంధకం వాసన కొడితే గేర్ ఆయిల్. ఆ రెండు గుర్తులూ ఈ పాఠంలో పనికొస్తాయి.

గేర్ బాక్స్ తోక దగ్గర ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే ఇంజన్ బలాన్ని ముందు వెనక చక్రాలకి పంచే పెట్టె, బిగించి ఉంటుంది. చాలా బండ్లలో ఈ రెండింటి మధ్య అడాప్టర్ అనే అల్యూమినియం ముక్క ఉంటుంది. గేర్ బాక్స్ షాఫ్ట్ దానిలోంచి వెళ్లి ట్రాన్స్‌ఫర్ కేస్‌లో దూరుతుంది. ఆయిల్ బయటికి రావడానికి ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, రెండు ముఖాలూ కలిసే అతుకు. అక్కడ గ్యాస్కెట్టో (మధ్యలో పెట్టే పల్చటి పొర) సీలెంటో (పూసే జిగురు) ఉంటుంది. రెండోది, తిరిగే షాఫ్ట్ చుట్టూ ఉండే ఆయిల్ సీల్. అతుకు పాడైతే ఆయిల్ బయటికి కారుతుంది. లోపలి సీల్ పోతే మాత్రం చుక్క కూడా కింద పడకపోవచ్చు, ఒక పెట్టెలోని ఆయిల్ మెల్లగా రెండో పెట్టెలోకి చేరుతుంది.

అందుకే స్పానర్ పట్టుకునే ముందు రెండు ఫిల్లర్ ప్లగ్గులూ (ఆయిల్ పోసే బెజ్జాల బిరడాలు) విప్పి చూడండి. గేర్ బాక్స్‌లో ఆయిల్ తగ్గి, ట్రాన్స్‌ఫర్ కేస్ ప్లగ్ తీయగానే బయటికి దూకితే దొంగ దొరికినట్టే: మధ్యలోని సీల్. ఎక్కువైన ఆయిల్ లోపల నురగ కట్టి బ్రీదర్ (పెట్టెలోని గాలి బయటికి పోయే గొట్టం) గుండా కక్కుతుంది. అది చూసి బ్రీదర్ పాడైందనుకునేవాళ్లు చాలామంది. రెండు పెట్టెలకీ ఒకే ఆయిల్ పంచుకునే బండ్లు కూడా ఉన్నాయి కాబట్టి మీ బండి మాన్యువల్ ఒకసారి తిరగేయండి.

బ్రీదర్ అంటే గుర్తొచ్చింది. బండి నడుస్తుంటే పెట్టె వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఆ గాలి పోయే దారి బురదతో మూసుకుపోతే ఒత్తిడంతా సీల్ పెదవి మీద, అంటే షాఫ్ట్‌కి ఆనే దాని మెత్తటి అంచు మీద పడుతుంది. మంచి సీల్ కూడా అప్పుడు ఓడిపోతుంది. బ్రీదర్ గొట్టం పీకి ఊది చూడడానికి రెండు నిమిషాలు చాలు. ఈ రెండు నిమిషాలు మిగుల్చుకోవాలని చూసినవాళ్లే నెల తిరక్కుండా మళ్లీ అదే పెట్టె దించుతారు.

ఇంకా అనుమానంగా ఉంటే అడుగంతా కడిగి, ఆరబెట్టి, అతుకు చుట్టూ టాల్కం పౌడర్ చల్లి పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిపి రండి. తడిసినచోట పౌడర్ రంగు మారుతుంది. ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది కాబట్టి తడిలో అన్నిటికన్నా పైన, ముందు ఉన్న చోటే అసలు జాగా. అడాప్టర్ అడుగున చిన్న బెజ్జం ఉండి అందులోంచి కారుతుంటే దాన్ని సీలెంట్‌తో పూడ్చకండి. సీల్ పోయిందని చెప్పడానికే దాన్ని అక్కడ పెట్టారు.

విప్పడం

బండిని స్టాండ్ల మీద నిలబెట్టడం మొదటి పాఠంలో చెప్పిందే, మళ్లీ చెప్పను. బ్యాటరీ నెగటివ్ తీయండి. ఆయిల్ దించండి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌లు (బలాన్ని చక్రాల వైపు తీసుకెళ్లే పొడవాటి కడ్డీలు) కలిసే చోట రెండు వైపులా పెయింట్‌తో గీత పెట్టుకుని విప్పండి. లేకపోతే బిగించాక అదురు మొదలవుతుంది. క్రాస్ మెంబర్ (గేర్ బాక్స్‌ని మోసే అడ్డ దూలం) తీసేముందు గేర్ బాక్స్ కింద ఒక జాకీ ఉండాలి, ట్రాన్స్‌ఫర్ కేస్‌కి వేరే జాకీ. ఛాతీ మీద పెట్టుకుని దించేస్తానని మాత్రం అనుకోకండి, అది చేతికి తేలిగ్గా లొంగే బరువు కాదు.

సీల్

పాతది పీకే ముందు అది హౌసింగ్‌లో ఎంత లోతున కూర్చుందో కొలిచి రాసుకోండి. పీకాక షాఫ్ట్ మీద పెదవి ఆనే చోట గోరు పెట్టి అడ్డంగా గీరండి. గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే కొత్త సీల్ కూడా అక్కడే కారుతుంది. దానికి పల్చటి స్టీలు స్లీవ్ తొడగాలి. షాఫ్ట్‌ని పైకీ కిందికీ ఊపి కూడా చూడండి. కదలిక తెలిసేంత ఉంటే జబ్బు బుష్‌లోనో బేరింగ్‌లోనో ఉంది, సీల్‌ని తిట్టి లాభం లేదు.

సీల్‌కి ఒక పక్క నున్నగా మూసి ఉంటుంది. రెండో పక్క సన్నటి స్ప్రింగ్ చుట్టిన పెదవి కనిపిస్తుంది. స్ప్రింగ్ ఉన్న పక్క ఎప్పుడూ ఆయిల్ వైపే ఉండాలి. మధ్యలో రెండు సీళ్లు ఉంటే గేర్ బాక్స్‌ది ముందుకీ, ట్రాన్స్‌ఫర్ కేస్‌ది వెనక్కీ చూస్తూ దేని ఆయిల్ని అది కాపలా కాస్తుంది.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. మొదటిసారి సీల్ వేసినప్పుడు నేరుగా సుత్తితో కొట్టాను. ఆ దెబ్బలకి స్ప్రింగ్ గాడిలోంచి ఊడి లోపల పడింది, నేను చూసుకోలేదు. మూడో రోజుకి కింద మడుగు. అప్పటినుంచి స్ప్రింగ్ గాడిలో వేలితో గ్రీజు నింపుతున్నాను, స్ప్రింగ్ కదలదు. పెదవికీ ఆయిల్ రాయాలి, పొడిగా తిరిగితే మొదటి నిమిషాల్లోనే కాలిపోతుంది. షాఫ్ట్ స్ప్లైన్ల (షాఫ్ట్ మీది పొడవాటి పళ్లు) అంచులు పెదవిని కోయకుండా వాటికి టేపు చుట్టి, సీల్ దాటాక తీసేయండి. కొట్టడానికి సీల్ బయటి అంచుకి సరిపడే సాకెట్టో పైపు ముక్కో పెట్టి, నాలుగు పక్కలా సమంగా, చిన్న దెబ్బలతో, రాసుకున్న లోతు వరకే దింపండి.

అతుకు

ఈ పనిలో సగం సమయం శుభ్రం చేయడానికే పోతుంది, పోనివ్వండి. పాత గ్యాస్కెట్‌ని ప్లాస్టిక్ స్క్రాపర్‌తో గీకండి. గ్రైండర్‌కి రాపిడి డిస్క్ తగిలించి రుద్దితే అల్యూమినియం పల్లాలు పడుతుంది, పైగా ఆ రజను బేరింగుల్లోకి పోతుంది. చివర్లో బ్రేక్ క్లీనర్ కొట్టి తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ మీద మరక కనిపించకూడదు.

కంపెనీ కాగితం గ్యాస్కెట్ ఇచ్చిన చోట మాన్యువల్ చెప్పకపోతే దానికి సీలెంట్ పూయకండి. గ్యాస్కెట్ లేకుండా లోహం లోహాన్ని ఆనుకునే చోట రెండు రకాల సీలెంట్లు వాడతారు. సిలికాన్‌ది గాలిలోని తేమతో గట్టిపడుతుంది. ఎనరోబిక్‌ది గాలి అందని చోట, లోహం తగిలినప్పుడు గట్టిపడుతుంది. నున్నగా మెషీన్ చేసిన గట్టి ముఖాలకి అదే మంచిది. మాన్యువల్ సిలికాన్ వాడమంటే సుమారు 3 మిల్లీమీటర్ల తీగలా, ఎక్కడా తెగకుండా, బోల్టు బెజ్జాలకి లోపలి వైపునుంచి తిప్పండి. మందంగా పూస్తే భద్రం అనుకోవద్దు. లోపలికి పొంగిన ముద్ద ఊడి ఆయిల్ జల్లెడకి అడ్డం పడుతుంది. బోల్టు బెజ్జం ఆయిల్ గదిలోకి తెరుచుకుంటే ఆ మరలకి కూడా థ్రెడ్ సీలెంట్ రాయాలి, లేకపోతే ఆయిల్ మర వెంట పాకి బయటికొస్తుంది.

ఇప్పుడు కలపడం. పెట్టెని జాకీతో ఎత్తి షాఫ్ట్‌కి ఎదురుగా తెచ్చి చేత్తో నెట్టండి. స్ప్లైన్లు కలవకపోతే వెనక ఫ్లాంజ్‌ని (ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే పళ్లెం) కొంచెం తిప్పుతూ నెట్టండి. రెండు ముఖాలూ చేతి బలంతోనే ఆనుకోవాలి. మధ్యలో సందు ఉండగా బోల్టులతో లాగి మూయాలని చూస్తే అల్యూమినియం చెవి పుటుక్కున విరుగుతుంది. ఆనుకున్నాక బోల్టులన్నీ చేత్తో పట్టించి, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో టార్క్ రెంచ్‌తో బిగించండి. అంకె మాన్యువల్‌లో చూసే పెట్టండి, అంచనా వద్దు.

సిలికాన్ వాడితే ట్యూబు మీద రాసినంతసేపు, మామూలుగా 24 గంటలు, ఆగి ఆయిల్ పోయండి. ఎక్కువ బండ్లలో ఫిల్లర్ బెజ్జం కింది అంచు వరకు వస్తే చాలు. తర్వాత మళ్లీ పౌడర్ చల్లి అదే దూరం నడిపి రండి. అతుకు దగ్గర పొడిగా ఉండి, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ఫ్లాంజ్ దగ్గర తడి కనిపిస్తే అది వెనక సీల్. దాని పని వచ్చే పాఠంలో.