పాత టర్న్‌టేబుల్ సరిగ్గా పాడటం లేదా? ముందు ఆర్మ్ సంగతి చూడండి

అటక మీంచి దించిన పాత గెరార్డ్ టర్న్‌టేబుల్‌కి ఆయిల్ వేసి, పళ్లేన్ని తిప్పే ఐడ్లర్ చక్రం తుడిస్తే పళ్లెం చక్కగా తిరుగుతుంది. పాటే బాగా రాదు. వెంటనే అందరూ కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే చిన్న డబ్బీ) మార్చేస్తారు. నన్నడిగితే అది ఆఖరున చేయాల్సిన పని. గెరార్డ్ 301, 401 ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ని రికార్డు మీద మోసే కడ్డీ) లేకుండా అమ్మిన మోటారు యూనిట్లు. ఇప్పుడు దాని మీదున్న ఆర్మ్‌ని ఎవరో ఎప్పుడో తమ దగ్గరున్న కార్ట్రిడ్జ్ కోసం బిగించుకున్నారు. మీ కార్ట్రిడ్జ్‌కి అది కుదరాలని ఎక్కడుంది?

సమస్య: వూఫర్ కోన్ ముందుకీ వెనక్కీ ఊగుతోంది, ముల్లు గెంతుతోంది

చెన్నైలో మే నెల ఎండకు రికార్డు కాస్త వంగడం మామూలే. ఆ మాత్రం వంపుకే ముల్లు గెంతుతుంటే ఆర్మ్‌కీ కార్ట్రిడ్జ్‌కీ జత కుదరలేదని అనుమానించాలి. ఆర్మ్ బరువు, ముల్లు మెత్తదనం (కంప్లయన్స్) కలిసి ఒక రెజొనెన్స్ (సహజంగా ఊగే వేగం) పుట్టిస్తాయి. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉండాలి. ఇంకా కిందికి దిగితే వంకర రికార్డు ఊపుతో కలిసిపోతుంది, బాగా పైకి పోతే బాస్ సంగీతంలో వేలు పెడుతుంది.

లెక్క సులువే. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (ముల్లు దగ్గర తెలిసే ఆర్మ్ బరువు), కార్ట్రిడ్జ్, స్క్రూల బరువు గ్రాముల్లో కూడండి. దాన్ని కంప్లయన్స్‌తో గుణించి వర్గమూలం తీయండి. 159ని దానితో భాగించండి. 25 గ్రాముల ఆర్మ్‌కి 6 గ్రాముల మెత్తని కార్ట్రిడ్జ్ (కంప్లయన్స్ 30), గ్రాము స్క్రూలు తగిలిస్తే వచ్చేది 5 హెర్ట్జ్. గెంతక ఏం చేస్తుంది!

డెనాన్ డీఎల్ 103 కార్ట్రిడ్జ్ దీనికి పూర్తిగా తిరగబడ్డ కేసు. బరువు 8.5 గ్రాములు, ముల్లు బిగుతు. కంప్లయన్స్ 5 అని కాగితం మీద ఉంటుంది గానీ, అది 100 హెర్ట్జ్ దగ్గర కొలిచింది. మన లెక్కకు దాన్ని ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేసుకోవాలి. 9 అనుకుంటే 6 గ్రాముల ఆర్మ్ మీద 13 దాటుతుంది, 20 గ్రాముల ఆర్మ్ మీద 10 లోపు వస్తుంది. తేలికపాటి ఆర్మ్‌నే ఉంచుకోవాలంటే బరువైన హెడ్‌షెల్ (ఆర్మ్ కొసన కార్ట్రిడ్జ్ బిగించే భాగం) వేయండి. ముల్లు దగ్గర పెట్టిన గ్రాము పూర్తిగా లెక్కకొస్తుంది, ఆర్మ్ తిరిగే ఇరుసు దగ్గరి గ్రాము దాదాపు రాదు.

సమస్య: చివరి పాటకొచ్చేసరికి గొంతు చీలుతోంది, 'స', 'ష' ఉమ్మినట్టు వినిపిస్తున్నాయి

కార్ట్రిడ్జ్ కోణం తప్పింది. ప్రొట్రాక్టర్‌ని (కోణం సరిచూసే గీతల కాగితం) అసలు సైజులో ప్రింట్ తీసి, స్కేలుతో సరిచూసుకున్నాకే వాడండి. బేర్‌వాల్డ్ పద్ధతిలో స్పిండిల్ (పళ్లెం నడిమి కడ్డీ) నుంచి 66 మి.మీ., 120.9 మి.మీ. దగ్గర కార్ట్రిడ్జ్ గీతకు సమాంతరంగా నిలవాలి. పాత ఎస్ఎంఈ 3009 ఆర్మ్‌లో హెడ్‌షెల్ రంధ్రాలు కదలవు, కింది బేస్‌నే జరపాలి. అది తెలియక హెడ్‌షెల్‌ని రంపంతో కోసినవాళ్లున్నారు.

ఆర్మ్ మారుస్తుంటే ముందు దూరం కొలవండి. ఇరుసు నుంచి స్పిండిల్‌కి టెక్నిక్స్ ఎస్ఎల్ 1200 ఆర్మ్‌కి 215 మి.మీ., రేగా ఆర్బీ 300కి 222. ఒకదాని రంధ్రంలో ఇంకొకటి దూరిందని సంబరపడితే లాభం లేదు.

అన్నీ సరిచేశాక కూడా చీలితే గాడే అరిగిపోయింది. పాత రేడియోగ్రామ్‌ల బరువైన ముల్లు కింద నలిగిన రికార్డుని ఏ ఆర్మూ బాగుచేయదు.

సమస్య: కుడి స్పీకరే బరబరమంటోంది

ఆర్మ్ లోపలికి లాగుతోంది. ముల్లు గాడి లోపలి గోడకు, అంటే ఎడమ చానెల్‌కు, ఒరుసుకుని కుడిగోడను వదిలేస్తోంది. యాంటీస్కేట్ (ఆర్మ్‌ని బయటివైపు లాగే ఏర్పాటు) పెంచండి. ఎస్ఎంఈలో యాంటీస్కేట్ దారం తెగితే సన్నని గాలపు నైలాన్ దారం సరిపోతుంది.

అయినా తగ్గకపోతే బేరింగ్ చూడాలి. యాంటీస్కేట్ సున్నా చేసి, ఆర్మ్‌ని గాల్లో తేలేలా సమంగా తూచి, మెల్లగా ఊదండి. నిలిచి నిలిచి కదిలితే పట్టేసిందన్నమాట. హెడ్‌షెల్ పట్టుకుని ఊపితే కటకటమంటే వదులైంది. లెంకో ఎల్75 టర్న్‌టేబుల్ ఆర్మ్‌లో ఈ వదులుకు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇరుసు కూర్చునే రబ్బరు వీ బ్లాకులు పొడైపోవడం. కొత్తవి దొరుకుతాయి. ఎస్ఎంఈలో వెనక రబ్బరు చచ్చి కౌంటర్ వెయిట్ (వెనకవైపు తూకం బరువు) తోకలా వాలితే అదీ మార్చాల్సిందే. బేరింగుల్లో కుట్టుమిషన్ ఆయిల్ మాత్రం పోయకండి.

సమస్య: కాటాలో బరువు సరే, పాట మాత్రం బరువుగా, మందంగా ఉంది

రిచీ స్ట్రీట్‌లో నగల కాటా కొనుక్కుని, ముల్లుని రికార్డు ఎత్తులోనే తూచండి. ఎత్తు మారితే అంకె మారుతుంది. థోరెన్స్ టీడీ 124 టర్న్‌టేబుల్ మొదటి రకానికి ఇనుప పళ్లెం ఉంటుంది. డీఎల్ 103 లాంటి మూవింగ్ కాయిల్ రకం కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతాన్ని అది కిందికి గుంజుతుంది. అందుకే 2.5 గ్రాములు పెట్టినా ముల్లు మీద అంతకంటే ఎక్కువే పడుతుంది. మందమైన మ్యాట్ వేసి, ఆ మేరకు ఆర్మ్ ఎత్తండి.

సమస్య: గుయ్‌మనే శబ్దం, లేదా ఒక చానెల్ మాయం

ఆర్మ్‌ని తాకితే గుయ్ తగ్గిందా? గ్రౌండ్ తీగ ఊడింది. ఒక చానెల్ వచ్చిపోతుంటే మన సముద్రపు గాలికి హెడ్‌షెల్ పిన్నులు చిలుముపట్టాయి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. తీగల్లో ఎరుపు, ఆకుపచ్చ కుడివి. తెలుపు, నీలం ఎడమవి. టంకం పెట్టాల్సొస్తే కార్ట్రిడ్జ్ విప్పి పక్కన పెట్టి, క్లిప్పులకే పెట్టండి. కార్ట్రిడ్జ్ పిన్నులకు వేడి తగిలితే లోపలి కాయిల్ పోతుంది.